రేడియో ఎక్కడ ఆపాలి?

కోనసీమలో ఓ జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు చెప్పే రోజుల్లో ఉరుములు మెరుపుల మీద పదిహేను నిమిషాల ఆడియో కథ ఒకటి తయారుచేశాను. సొంత గొంతు, సొంత ఖర్చు, సొంత గొప్ప. కథలో కొబ్బరిచెట్టు మీద పిడుగు పడుతుంది. మొవ్వు భగ్గుమంటుంది. చెట్టుకు కట్టేసిన గేదె పలుపు తెంపుకుని పారిపోయి బతుకుతుంది. మధ్యమధ్యలో మెరుపు ఎలా పుడుతుందో, ఉరుము ఎందుకు ఆలస్యంగా వినిపిస్తుందో కూడా చెప్పాను. తరగతి తరగతంతా ఊపిరి బిగబట్టి వింది. బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు. వారం పోయాక చిన్న పరీక్ష పెట్టాను. మెరుపుకీ ఉరుముకీ మధ్య ఎడం ఎందుకని అడిగితే, సగానికి పైగా కాగితాల్లో గేదె ఉంది. ఒకడైతే గేదె రంగు కూడా రాశాడు. నేను రంగు చెప్పనే లేదు.

ఇలాంటి గేదెల మీద పరిశోధనలు జరిగాయని చాలాకాలం తర్వాత తెలిసింది. 1998లో షానన్ హార్ప్, రిచర్డ్ మేయర్ అనే ఇద్దరు సరిగ్గా మెరుపు పాఠంతోనే ప్రయోగాలు చేశారు. మెరుపు ఎలా పుడుతుందో చెప్పే పాఠంలో, ఆసక్తిగా ఉండి అసలు విషయానికి అక్కర్లేని పిడుగుపాటు సంగతులు కలిపితే, చదివినవాళ్ళకి అసలు విషయం తక్కువగా గుర్తుంది. ఆ విషయాన్ని వాడి కొత్త ప్రశ్నలకి జవాబు చెప్పడం కూడా తగ్గింది. అంటే కథ బాగుండటం వేరు, కథలో సైన్సు ఎక్కడ కూర్చుందన్నది వేరు. నా కథలో గేదె నడిమధ్యన కూర్చుంది, ధ్వనివేగం అరుగు చివర నిలబడింది.

రేడియోతో, ఆడియోతో సైన్సు చెప్పడం గురించి మాట్లాడేవాళ్ళలో ఒకరు అద్భుతమంటారు, ఇంకొకరు దండగంటారు. ఇద్దరూ మూడు వేర్వేరు సంగతులని ఒకే పేరుతో పిలుస్తున్నారు. గాలిలో వచ్చి గాలిలో పోయే ప్రసారం ఒకటి. ఫోనులోనో పెన్‌డ్రైవులోనో ఉండి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగే రికార్డు రెండోది. పిల్లలే ఊళ్ళోకి వెళ్ళి చేసుకొచ్చే రికార్డింగు మూడోది. ఈ మూడూ వేర్వేరుగా పనిచేస్తాయి, వేర్వేరుగా విఫలమవుతాయి.

ప్రసారం సంగతి ముందు చూద్దాం. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. డెల్టాలో ఒక తరానికి రేడియో అంటే అదే. వ్యవసాయం మాటలు, పిల్లల కార్యక్రమాలు, నాటకాలు, వరద వార్తలు అన్నీ అందులోంచే వచ్చేవి. 1991లో ఆకాశవాణి, జాతీయ శాస్త్ర సాంకేతిక ప్రచార మండలి కలిసి మానవ పరిణామం మీద 144 భాగాల ధారావాహికని పలు భారతీయ భాషల్లో వినిపించాయి. ఇంట్లో తీరుబడిగా వినేవాడికి ఇవి బ్రహ్మాండం. తరగతి గదిలో మాత్రం ప్రసారానికి ఒక పుట్టులోపం ఉంది. పిల్లవాడికి అర్థం కాకపోతే అది ఆగదు.

ఈ లోపాన్ని తీర్చడానికి రెండు దారులు దొరికాయి. ఆస్ట్రేలియాలో 1951లో ఆలిస్ స్ప్రింగ్స్ నుంచి మొదలైన ఆకాశ పాఠశాలలో ఎక్కడో పశువుల క్షేత్రాల్లో ఉండే పిల్లలు రెండువైపులా మాట్లాడే రేడియోలతో టీచరుకి జవాబు చెప్పేవారు. అంత ఖర్చు పెట్టలేని చోట ఇంకో ఉపాయం వచ్చింది. నికరాగువాలో 1970ల నడుమ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు నడిపిన రేడియో లెక్కల పథకంలో రేడియో ప్రశ్న అడిగి నోరు మూసుకునేది. ఆ ఖాళీలో పిల్లలంతా గట్టిగా జవాబు చెప్పేవారు. అప్పుడు రేడియో సరైన జవాబు చెప్పి ముందుకు సాగేది. మన రాష్ట్రంలో ప్రాథమిక తరగతుల కోసం ఆకాశవాణిలో వచ్చిన ‘విందాం – నేర్చుకుందాం’ కూడా ఈ కోవలోదే. ఆ సమయానికి కరెంటు ఉండి, సెట్టు పలికి, టైమ్ టేబుల్ కుదిరితే పిల్లలు ఎగిరి గంతేసేవారు. కుదరని రోజున రిజిస్టర్లో మాత్రం విన్నట్టే ఉండేదనుకోండి, అది వేరే కథ.

గమనించాల్సింది ఆ ఖాళీ. మామూలు పాఠానికీ రేడియో పాఠానికీ తేడా అక్కడే పుడుతుంది. పుస్తకంలో వాక్యం అర్థం కాకపోతే కన్ను వెనక్కి వెళ్తుంది. చెవికి వెనక్కి వెళ్ళే దారి లేదు. విన్న మాట జారిపోతూనే ఉంటుంది. దాన్ని మనసులో పట్టుకుంటూనే తర్వాతి మాట వినాలి. 2011లో వేన్ లీహీ, జాన్ స్వెల్లర్ అనే పరిశోధకులు ఈ జారిపోవడం మీదే పనిచేశారు. మాట చిన్నదిగా ఉన్నప్పుడు బొమ్మతో పాటు చెవికి వినిపించడం లాభం. మాట పొడుగై చిక్కుపడితే ఆ లాభం పోయి నష్టం మొదలవుతుంది. అప్పుడు కాగితం మీద చదువుకోవడమే మేలు. నా పదిహేను నిమిషాల ఉరుము కథ చచ్చింది ఇక్కడే. ఒక్కసారి కూడా ఆపలేదు. ఆపితే రసభంగమవుతుందని భయం.

చెవికి అందేది, అందనిది

కుంభాకార కటకంలో ప్రతిబింబం ఎక్కడ ఏర్పడుతుందో ఆడియోలో చెప్పడమంటే, ఆత్రేయపురం పూతరేకు రుచి ఫోనులో చెప్పినట్టే. విద్యుత్ వలయాలు, కిరణ చిత్రాలు, ఆవర్తన పట్టిక, సమీకరణాల తుల్యం, ఇవన్నీ స్థలంలో పరుచుకుని ఉండేవి. వీటికి నల్లబల్ల కావాలి. ఒక్కొక్కటిగా, ఒకదాని తర్వాత ఒకటిగా, ఒకదాని వల్ల ఒకటిగా జరిగేవి చెవికి ఇట్టే అందుతాయి. ఇద్దరు మనుషులు ఒక విషయాన్ని తప్పుగా మొదలుపెట్టి వాదించుకుని సరిదిద్దుకోవడం కూడా అంతే. వీటన్నిటికంటే చెవికి దగ్గరది, శబ్దమే సాక్ష్యంగా ఉన్న విషయం.

డెల్టాలో అలాంటి సాక్ష్యం రాత్రంతా మోగుతూనే ఉంటుంది. రొయ్యల చెరువులున్న ఏ ఊరికెళ్ళినా, నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్ల దబదబ వినకుండా నిద్రపోలేం. మా పిల్లలకి అది జోలపాట లాంటిది. దాన్నే రెండో రకం పాఠం, అంటే ఆపగలిగే రికార్డు చేశాను, గేదె లేకుండా. మొత్తం నాలుగు నిమిషాలు.

మొదట ఏరేటర్ల మోత. హఠాత్తుగా ఆగిపోతుంది. కప్పల అరుపులు. ఓ పెద్దాయన గొంతు: “ఒరేయ్, కరెంటు పోయింది! లే, జనరేటరు చూడు!” తాడు లాగిన చప్పుడు, అంటుకోదు. మళ్ళీ లాగుతారు. ఓ కుర్రాడు అడుగుతాడు: “మధ్యాహ్నం రెండు గంటలు పోయింది కదా మావయ్యా, అప్పుడు నువ్వు పేకాడుతూ కూర్చున్నావ్. ఇప్పుడు పది నిమిషాలకే ఇంత కంగారేంటి?”

ఇక్కడ ఆపు.

ఆ ఆపడం ఎంతసేపంటే, తరగతి పోట్లాడుకోవడం మొదలుపెట్టేదాకా. ఓ పిల్ల అంది, చెట్లు రాత్రిపూట ఆక్సిజన్ పీల్చుకుంటాయి కదా, అందుకే చెట్టు కింద పడుకోవద్దంటారు, చెరువులో కూడా అదేనేమో అని. ఇంకొకడు అడ్డొచ్చాడు: “చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ పడుతుందని మీరే చెప్పారు మాస్టారూ. రాత్రి నీళ్ళు చల్లబడతాయి. మరి రాత్రే బాగుండాలి కదా?” వాడిది తప్పుడు జవాబే. కానీ అందులో ప్రతి ముక్కా నిజం. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర. కాకపోతే ఎంత పడుతుందన్నది గిన్నె సైజు, ఎంత ఉందన్నది గిన్నెలో కూర. పగలు నీటిలోని సన్నటి నాచు ఎండ తాగి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ తయారీ బంద్. నాచూ, రొయ్యలూ, అడుగున కుళ్ళే మేతని తినే బ్యాక్టీరియా అందరూ తినేవాళ్ళే, వండేవాళ్ళు లేరు. తెల్లవారే ముందు గిన్నె అడుగంటుతుంది. “డీఓ నాలుక్కి దిగింది” అని చెరువు గట్టున అంటే అర్థం, లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకి పడిపోయిందని. ఆ మాట వింటే రైతుకి నిద్ర ఉండదు.

చెట్టు కింద పడుకోవద్దన్న పిల్ల మాటకీ జవాబు దొరుకుతుంది. లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 270 మిల్లీగ్రాములు ఉంటుంది. నీటిలో ఉండేదానికి ముప్పయి రెట్లకి పైనే. అందుకే చెట్టు రాత్రి పీల్చుకునేది మనకి లెక్కలోకి రాదు, నాచు పీల్చుకునేది రొయ్యకి ప్రాణం మీదికొస్తుంది. ఈ అంకెలు రెండూ ఆడియోలో పెట్టలేదు. బల్ల మీద రాశాను. చెవి ప్రశ్న వేసింది, కన్ను లెక్క చేసింది. పని అలా పంచుకోవడం గేదె కథ చచ్చాక నేర్చుకున్నాను.

నీటికి కోరికలు వద్దు

ఆడియో కథల్లో ఇంకో ముసుగు తప్పు ఉంది. పిల్లల కథ అనగానే నీటిచుక్కకి నోరు పెట్టేస్తాం. “నేను ఆకాశంలోకి వెళ్ళాలనుకున్నాను” అంటుంది చుక్క. ఎలక్ట్రానుకి తోడు కావాలనిపిస్తుంది. ఉప్పునీటికి తీపినీటి మీద కుళ్ళు. ముద్దుగా ఉంటుంది, గొంతులు మార్చి చెప్పేవాళ్ళకి సరదాగానూ ఉంటుంది. చుక్క అనుకోవడం వల్ల పైకెళ్ళిందని విన్న పిల్లవాడు మాత్రం వేడి గురించి అడగడం మానేస్తాడు. కోరిక దొరికాక కారణం ఎవడికి కావాలి?

సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు తోడితే కొన్నాళ్ళకి ఉప్పు తగులుతుంది. “సముద్రం మన నూతుల మీదకి దండెత్తుతోంది” అని కథ మొదలుపెట్టొచ్చు. కానీ భూమి కింద జరిగేది దండయాత్ర కాదు, తేలడం. మంచినీటి కంటే సముద్రపు నీరు సుమారు 40లో ఒక వంతు బరువెక్కువ. ఆ కొంచెం తేడా వల్లే మంచినీటి పొర ఉప్పునీటి మీద తేలుతుంది. సముద్రమట్టానికి పైన మీటరు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా ఉప్పుని నొక్కిపెట్టి ఉంచుతుంది. పైన తోడేసి ఆ మీటరులో పావు తగ్గిస్తే కింద ఉప్పు పది మీటర్లు లేచే వీలుంది. ఇది ఆరంభానికి మోటు లెక్కే, నేల తీరుని బట్టి మారుతుంది. అయినా కథకి ఇంతకంటే ఉత్కంఠ ఇంకేం కావాలి?

నేను పెట్టుకున్న నియమం ఒకటే. కథలో మనుషులకి ఎన్ని కోరికలైనా ఉండొచ్చు. మావయ్యకి రొయ్యలు బతకాలి, కుర్రాడికి నిద్ర కావాలి. నీటికి, నాచుకి, అణువుకి మాత్రం కోరికలుండవు.

పది లక్షల క్యూసెక్కులంటే

గోదావరి వాళ్ళకి రేడియోలో విన్న అతి పెద్ద సైన్సు పాఠం వరద వార్త. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి 10 లక్షల క్యూసెక్కులు దిగువకి వదిలితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలైతే రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలైతే మూడోది. లంకల్లో పిల్లలకి ఈ మాటలు ఎక్కాల్లా వచ్చు. క్యూసెక్కు అంటే ఏంటో అడిగితే “నీళ్ళండి” అంటారు.

సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. రెండు మామూలు బకెట్ల కంటే కొంచెం తక్కువ. పిల్లల చేత రెండు బకెట్ల నీళ్ళు ఒక్క సెకనులో గుమ్మరింపించి ఆ చప్పుడు రికార్డు చేశాం. దాన్ని పది లక్షలతో గుణించమంటే చెవి చేతులెత్తేస్తుంది. మా గది పొడవు 8 మీటర్లు, వెడల్పు 6, ఎత్తు 3, అంటే 144 ఘనపు మీటర్లు. మొదటి హెచ్చరిక నాడు ఇలాంటి గదులు సెకనుకి 196 నిండిపోయేంత నీరు బ్యారేజీ దాటుతుంది. మూడోదానికి 334. ఇక 1986 ఆగస్టులో దాటిన దాదాపు 35 లక్షల క్యూసెక్కులకైతే సెకనుకి 688 గదులు. లెక్క ముగిసేసరికి వెనక బెంచీలో ఎవడో అన్నాడు, “మన స్కూలుకి ఉన్నవి పదకొండే కదండీ.”

ఇవన్నీ ఒక ఎత్తు, రేడియో పెట్టె ఇంకో ఎత్తు. దాన్ని పాఠం చెప్పే యంత్రంగానే చూసి ప్రయోగశాలగా చూడటం మర్చిపోయాం. అటక మీది పాత ట్రాన్సిస్టరు దించి బ్యాటరీలు వేయండి. మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ మీద పలికే విజయవాడ కేంద్రం అమలాపురానికి దాదాపు సరిగ్గా పడమరన ఉంటుంది. సెట్టుని బల్ల మీద మెల్లగా గుండ్రంగా తిప్పితే ఒక దిక్కులో గొంతు నిండుగా, దానికి అడ్డదిక్కులో నీరసంగా వస్తుంది. లోపల నల్లటి ఫెర్రైట్ కడ్డీకి చుట్టిన తీగే ఏరియల్. ఆ కడ్డీ ఉత్తర దక్షిణాలుగా ఉంటే పడమటి కేంద్రం బాగా పలుకుతుంది, కడ్డీ కొన కేంద్రం వైపు చూపిస్తే గొంతు పడిపోతుంది. స్టేషను ఎటుందో చెప్పకుండా పిల్లల చేత కనిపెట్టించొచ్చు. పొద్దుగూకాక అదే ముల్లు తిప్పితే పగలు లేని ఊళ్ళన్నీ పలుకుతాయి. మీడియం తరంగాలని పగలు మింగేసే పైగాలిలోని పొర ఒకటి రాత్రి కరిగిపోతుంది, ఇంకా పైనున్న పొర వాటిని తిప్పి కిందికి పంపుతుంది. మా తాతల తరం రాత్రిపూట కొలంబో పాటలు విన్నది ఇందులో కొంత దయ వల్లే.

గేదెకి నేను చేసుకున్న ప్రాయశ్చిత్తం కూడా ఈ పెట్టెలోనే దొరికింది. మబ్బు పట్టిన మధ్యాహ్నం గదిలో కూర్చుని మీడియం వేవ్‌లో ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టండి. ఎక్కడో మెరిసినప్పుడల్లా ‘చర్ర్’ మంటుంది. మెరుపు వెలుగుతో పాటు రేడియో తరంగాలనీ వదులుతుంది, అవి వెలుగు వేగంతో వచ్చేస్తాయి. ఉరుము సెకనుకి 340 మీటర్ల చొప్పున నడిచి రావాలి. చర్ర్‌కీ గుడుగుడుకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. మెరుపు కంటికి కనిపించని పగటిపూట కూడా పిడుగు దూరం తెలుస్తుంది. ఎఫ్ఎమ్‌లో ఈ చర్ర్ సాధారణంగా వినిపించదు, ఆ పాత పెట్టే కావాలి. ఈసారి పరీక్షలో గేదె రాలేదు.

తరగతిలో ఆచరణ సంగతులు గబగబా. ఫోను స్పీకరు నాలుగో బెంచీ దాటదు, చిన్న బ్లూటూత్ స్పీకరైనా ఉండాలి, గది మధ్యలో పెట్టాలి. ఆ నాలుగు నిమిషాలు ఫ్యాన్లు ఆపాలి. రేకుల షెడ్డులో వాన పడుతుంటే ఆ రోజుకి మానేయాలి. వినికిడి తక్కువున్న పిల్లలకి మొత్తం మాటలు కాగితం మీద ముందే ఇవ్వాలి. కొత్త పదం ఒక్కసారి విని పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ‘కిరణజన్య సంయోగక్రియ’ అనే పదం పలికేలోపు వెనకాల రెండు వాక్యాలు దాటిపోతాయి, కాబట్టి దాన్ని బల్ల మీద రాశాకే ప్లే నొక్కాలి. భాష విషయంలో నా గట్టి అభిప్రాయం ఒకటి. సైన్సు ఆడియోలో మన యాస వినిపించాలి. “ఆయ్, డీఓ పడిపోయిందండి” అన్న రైతు మాటకీ పుస్తకంలోని ‘కరిగిన ఆక్సిజన్’కీ వంతెన వేయడం మాస్టారి పని. అచ్చుతెలుగు అనౌన్సరు వచ్చి ఆ రైతు మాటని దిద్దక్కర్లేదు.

ఇక మూడో రకం, పిల్లలే చేసేది. నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీద.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటి కోనసీమని ఊడ్చేసింది. డెల్టాలో యాభై దాటినవాళ్ళందరికీ ఆ రాత్రి గుర్తుంది. పిల్లల్ని ఫోను ఇచ్చి ఇంటికి పంపి అమ్మమ్మల్ని, తాతయ్యల్ని మూడే మూడు అడగమన్నాను. గాలి మొదట ఎటు నుంచి వచ్చింది? మధ్యలో ఆగిందా? తర్వాత ఎటు నుంచి కొట్టింది?

ఈ ప్రశ్నల వెనక ఒక యంత్రం ఉంది. మన అర్ధగోళంలో తుఫాను గాలి గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. తూర్పు నుంచి పడమరకి వచ్చే తుఫాను ఊరికి దక్షిణంగా పోతే, గాలి మొదట ఈశాన్యం నుంచి, తర్వాత తూర్పు నుంచి, చివరికి ఆగ్నేయం నుంచి వస్తుంది. ఊరికి ఉత్తరంగా పోతే వాయవ్యం, పడమర, నైరుతి. కన్ను నెత్తి మీదుగా పోతే ఉత్తరపు గాలి, హఠాత్తుగా నిశ్శబ్దం, ఆ తర్వాత దక్షిణపు గాలి. ఎన్ని ఊళ్ళ జవాబులు పటం మీద బాణాలుగా గీస్తే అంత బాగా తుఫాను నడిచిన దారి బయటపడుతుంది. జ్ఞాపకం తప్పు చెబుతుంది కాబట్టి ఒక ఊరి నుంచి ముగ్గురినైనా అడగాలి, కలవనివాటిని దాచకుండా పటం మీద చూపించాలి. దీనికి పుస్తకంలో జవాబు లేదు. మాస్టారికీ తెలియదు.

ఒక పిల్ల తెచ్చిన రికార్డింగు రెండు నిమిషాలే ఉంది. వెనకాల కోళ్ళు, ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు. వాళ్ళ మామ్మకి ఈశాన్యం ఆగ్నేయం అక్కర్లేదు. “ముందు నూతి వైపు నుంచి కొట్టిందే. నూతి మీద రేకు ఎగిరొచ్చి అరుగు మీద పడింది. తెల్లారగట్ల వంటింటి గోడ కూలిపోయింది, అటు నుంచి కొట్టి కొట్టి” అంది. ఆగిందా అని అడిగితే, “ఆగడమేంటే, మీ తాత గుంజని పట్టుకుని రాత్రంతా అలాగే నిలబడితేను” అంది.

పిల్ల మొహం వేలాడేసింది. దిక్కులు చెప్పలేదు కాబట్టి ఈ రికార్డింగు పనికిరాదని దాని దిగులు. రెండోసారి వినిపించాను. ‘నూతి వైపు’ అన్న చోట ఆపాను.

అప్పుడు ముందు బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది, “ఏ ఇంట్లోనైనా నుయ్యి ఈశాన్యంలోనే కదా తవ్విస్తారు?”

వంటిల్లు ఆగ్నేయంలో. తరగతంతా ఒక్కసారి పటం మీద పడ్డారు.